నాలుగో వరస

తుర్కులో నవంబరు. నాలుగు కొట్టకముందే చీకటి.
ఓయిలి చేతొడుగులు మార్చుకుంది,
ఇవాళ్టికి ఎనిమిదో జత.
పలక మీద తొంభై ఆరు గుంటలు,
ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత.
అడుగున కంటికి ఆనని యాంటీబాడీలు
కాచుక్కూచున్నాయి, వల పరిచిన బెస్తల్లా.

వాటికి చిక్కాల్సింది ఒక ప్రొటీను,
తలకి దెబ్బ తగిలితే మెదడు తీగల్లోంచి
నెత్తుట్లోకి జారే పోగు.
ఎంత జారుతుంది?
ఆవగింజలో అరవయ్యో వంతంటారే,
ఇక్కడ అది కొండ.
గ్రామును లక్ష కోట్ల ముక్కలు చేసి
పదో పన్నెండో దాచిపెట్టి
వెతుక్కోమన్నట్టు.

నలభై ఏడో నమూనా ఒక గోల్‌కీపరుది.
వేతి, పంతొమ్మిదేళ్లు.
శనివారం ఐస్ హాకీలో పక్ వచ్చి ముసుగుకి తగిలింది.
"బాగానే ఉన్నా" అన్నాడట. అందరూ అంటారు.

పొయ్యి. ఆగు. కడుగు.
మళ్ళీ పొయ్యి, మళ్ళీ ఆగు.
విద్యంతా కడగడంలోనే ఉంది,
అంటుకోనిదాన్ని పంపెయ్యడంలో.
పలక బోర్లించి కాగితం మీద తడితే
ఆ చప్పుడు చాలు, నీళ్ళు పోయాయో లేదో
ఆమె చేతికి తెలుసు, ఇరవై ఆరేళ్లుగా.

రంగొచ్చింది. నీలం. ఆమ్లం పడగానే పసుపు.
నాలుగో వరస మాత్రం మరీ పసుపు.
ఏమీ లేని గుంట కూడా ఆ వరసలోనే ఉంది,
ఉత్త ఉప్పునీళ్ళు. అదీ మెరుస్తోంది.
దాని పక్కనే నలభై ఏడు.
ముప్ఫై ఎనిమిది, అంది యంత్రం.

"ఎక్కువే ఉంది. పంపేద్దామా?"
ఓస్మో అప్పటికే కోటు వేసుకున్నాడు. "బస్సుంది."
"ఉప్పునీళ్ళకీ తల పగిలిందా మరి?"

కడిగే యంత్రానికి ఎనిమిది ముక్కులు.
విప్పి, నాలుగోదాన్ని దీపానికెదురు పట్టుకుంది.
అవతలి వెలుగు రాలేదు.
సన్నటి తీగతో పొడిస్తే
ఒక ఉప్పు పలుకు రాలి పడింది.
అంత బరువు ప్రొటీను కావాలంటే
బస్సెడు మనుషుల నెత్తురు పిండినా చాలదు.

మళ్ళీ మొదటినుంచి.
బస్సు వెళ్ళిపోయింది. ఓస్మో ఏమీ అనకుండా
కాఫీ పెట్టాడు.

రాత్రి పదకొండు. ఉప్పునీళ్ళ గుంట
తనలో ఏమీ లేదని ఒప్పుకుంది.
నలభై ఏడు దానికి వెంట్రుకవాసి పైన,
కొలత అందే గీతకి కింద.

డాక్టరు ఫోను చేసింది. "అంటే సున్నా?"
"సున్నా అని మేం రాయం.
మా చెయ్యి నాలుగు దాకా అందుతుంది.
దాని కింద ఏముందో ఉన్నదానికే తెలియాలి."
"మరి ఆడనివ్వాలా, వద్దా?"
"అది ఈ పలక మీద లేదు."

కాగితం మీద తక్కువ గుర్తు గీసి
పక్కన నాలుగు వేసింది.
గుర్తు నోరు అంకె వైపు,
మొన ఖాళీ అంచు వైపు.

ఉప్పు పలుకు ఇంకా బల్ల మీదే ఉంది.
ఓస్మో దాన్ని వేలికొసకి అద్దుకుని
కాసేపు చూసి
నాలుక మీద పెట్టుకోబోతే
చేతి మీద ఒక్కటేసింది.