సున్నాలో సున్నా

చింతాద్రిపేటలో మా జిరాక్సు కొట్టు షట్టరు
సగం దించాక వచ్చింది బుజ్జమ్మ.
కార్పొరేషన్ చీపురు గోడకి ఆనించి,
టీ గ్లాసు మిషను మీద పెట్టి,
చేతులు చీరకి రెండుసార్లు తుడుచుకుని
ఫోను ఇచ్చింది.
"లిస్టొచ్చిందంట. నా పేరుందేమో చూడు నాయనా."

రెండు వందల పన్నెండు పేజీలు.
కూవం ఒడ్డున ఉన్న గుడిసెలన్నీ
ఇంగ్లీషు అక్షరాలై బారులు తీరాయి.
వేలితో తోస్తుంటే
పగిలిన అద్దం గీతలో పడి
ఒక్కో పేరూ మధ్యకి తెగుతోంది.

పై మూలన మూడు చుక్కలు నొక్కాను.
పేజీలో కనుగొనండి, అంది ఫోను.
కీబోర్డు లేచి సగం పేటను మింగేసింది.
బి కొట్టాను, యు కొట్టాను, రెండు జె లు, మిగతా అమ్మ.
సున్నాలో సున్నా.

ఒక జె తీసేశాను. సున్నా.
ఆమె మొగుడు గురవయ్యని జి తో వెతికాను. సున్నా.
చివరి ఎ ఒకటి ఎక్కువైందేమోనని అదీ చెరిపాను.

"ఫోటో తీసినాయన తల కొంచెం ఎత్తమన్నాడు," అంది.
"ఎత్తానే."

అప్పుడు ఎదురు టీ కొట్టులోంచి
గ్లాసు కోసం కేక:
"పుజ్జమ్మా!"

ముప్ఫై ఏళ్ళుగా ఆమె ఆ పిలుపుకీ పలుకుతోంది.
ఇప్పుడూ "వస్తున్నా ఉండు" అంది, తమిళంలో.
ఆ భాషకి బ కీ ప కీ ఒకటే అక్షరం,
గ కీ క కీ ఒకటే.
అక్కడ రాసిన పేరుని ఎవరో
ఇంగ్లీషులోకి ఎత్తి పోశారు.

బి చెరిపి పి కొట్టాను.
నూట అరవై ఒకటో పేజీ ఎగిరొచ్చి ఆగింది.
పుజ్జమ్మ, భర్త కురవయ్య,
ఎనిమిదో అంతస్తు.
పేరుకి పసుపు పూసి ఉంది.

ముట్టుకుని చూసింది. పేజీ కదిలి పసుపు పోయింది.
"అయ్యో, పోగొట్టానా?"
లేదు, ఉంది.
"అయితే బస్సు అని కొట్టు.
తెల్లారి నాలుగున్నరకి ఈడ పనిలో ఉండాల గదా."
కొట్టాను.
ఎన్ని అక్షరాలు మార్చినా అది మాత్రం సున్నానే.

ఆమె పోయాక నా ఫోను తీశాను.
పోయిన నెల తను చెబుతుంటే
ముందు తెలుగులో కొట్టుకున్న అర్జీ ఇంకా ఉంది.
ఎందుకో, నది అని వెతికాను.
తొమ్మిది దొరికాయి.
రెండింట్లోనే నీళ్ళున్నాయి.
తక్కినవి, ఇక్కడే పుట్టి ఉన్నది,
రేకులు తనే కొన్నది,
వానల్లో ఇల్లు రెండుసార్లు మునిగినది.
ప్రతి మాట తోకకీ పసుపు.
కింది బాణం నొక్కుతూ పోయాను.
ఉన్నది. ఉన్నది. కట్టుకున్నది.
తొమ్మిది దాటితే మళ్ళీ ఒకటికే వస్తోంది.

గ్లాసు మిషను మీదే మర్చిపోయింది.
ఎదురు కొట్టతను వీధి చివరిదాకా వినపడేలా
మళ్ళీ ప తో పిలుస్తున్నాడు.