తరుగు

కాటా గదిలోంచి తెచ్చినాడు ఉరుకుందు,
సైకిలు క్యారేజీకి పాత ట్యూబుతో కట్టి,
పదేండ్ల కంప్యూటరు.
మూత విప్పితే ఫ్యాను రెక్కల మధ్య
గుప్పెడు పత్తి.
మా అబ్బ దస్తగిరి ఉండింటే
వింటినారి మీటి, పొంగించి,
దిండుకైనా పనికొచ్చేట్టు చేసేవాడు.
నేను బ్రష్షుతో ఊడ్చి
చెత్తబుట్టలో వేసినా.

"షావుకారు చెప్పినాడు కాశీంబీ,
అంతా తుడిసేసి కొత్తది ఎక్కియ్యాలంట.
పాతదేదీ మిగలగూడదంట.
పొద్దుగూకేలోపల కాటా మొదలుగావల్ల."

పెన్‌డ్రైవు పెట్టినా. నీలం తెర.
డిస్కులో అయిదు భాగాలు.
సి పోయింది, డి పోయింది,
ఈ అన్నది మారు మాట్లాడకుండా పోయింది,
వంద ఎంబీల పిల్లది గొణుక్కుంటూ పోయింది.
అయిదోది కదల్లేదు.
డిలీట్ అన్న మాట
బూడిద పూసుకుని కూర్చుంది,
నొక్కితే పలకదు.
దానికి అక్షరం లేదు, పేరు లేదు.
కోర్టుకెక్కి ఇల్లు ఖాళీ చేయని అద్దెదారు మాదిరి
నలభై జీబీల జాగాలో కాళ్ళు చాపుకొని ఉంది.

తుడిచే ముందు చూడ్డం నాకు అలవాటు.
ఒకసారి చూడకుండా తుడిచి
కోసిగి ఫోటోగ్రాఫరువి మూడు పెండ్లిళ్ళు మాయం చేసినా.
ఆయప్ప తిట్టలేదు. అక్కడే గడప మీద కూర్చుండిపోయినాడు.
అందుకే నల్ల తెర తెరిచి
మొండిదానికి ఒక అక్షరం తగిలించినా. జెడ్.
తలుపు తెరుచుకుంది.

ఒకటే ఫోల్డరు.
బండి నంబర్లు, తేదీలు, రైతుల పేర్లు.
ఒక్కో బండికి రెండు బరువులు.
కాటా చెప్పింది ఒకటి,
చీటీ మీద రాసింది ఇంకొకటి.
ఒకచోట పద్దెనిమిది కిలోలు తేడా,
ఒకచోట ముప్పై ఒకటి,
కాయ పగిలినప్పుడు వాన పడిన ఏడు
యాభై దాకా.

ఉరుకుందు నా భుజం మీదుగా చూసినాడు.
చూసి షట్టరు దగ్గరికి పోయి నిలబడినాడు.
"ఇవి కొట్టింది నువ్వేనా మామా?"
"చెప్తాండిరి. కొట్టినా."
"ఉంచమంటావా?"
నీళ్ళ బాటిలు మూత
బిగించి, విప్పి, మళ్ళీ బిగించినాడు.
"ఉంచి ఎవురికి చూపిస్తావు?"

కరెంటు పోయింది.
యూపీఎస్ కోడిపిల్ల లెక్క అరవడం మొదలుపెట్టింది.

లిస్ట్ డిస్క్ అని కొడితే
రెండు కనబడినాయి, సున్నా, ఒకటి.
ఒకటి నాది.
అది ఎందుకు తగిలించి ఉందో ఉరుకుందు అడగలేదు,
నేనూ చెప్పలేదు.
ఇక్కడ అంకె తప్పితే అడిగే నాథుడుండడు,
మూడుసార్లు చదువుకున్నా.
సెలెక్ట్ డిస్క్ సున్నా.
క్లీన్.

అంతసేపు మొండికేసింది
తుమ్మినంత సేపట్లో పోయింది.
నాలుగు సంతకాలకు కదలని ఆసామి
ఒక్క కేకకు లేచిపోయినట్టు.
మిగిలింది నల్లటి పట్టీ,
ఎవరి పేరూ ఎక్కని పోరంబోకు.
నాలుగు వందల అరవై అయిదు జీబీలు.

"డబ్బా మీద అయిదునూర్లు అని ఉండాదే," అన్నాడు ఉరుకుందు.
"ముప్పై అయిదు యాడికి పోయినాయి?"
చెప్పినా.
చేసేవాడు వెయ్యి లెక్కన కొలుస్తాడు,
మిషను వెయ్యిన్ని ఇరవై నాలుగు లెక్కన కొలుస్తుంది,
ఎవరూ తీయలేదు మామా, కొలతలే వేరు.
తల ఊపుతా విన్నాడు,
ఆ మాటలు తానే
ఎన్ని వందల బండ్లకు చెప్పినాడో.
"తరుగు," అన్నాడు.
నవ్వుతాడేమో అనుకున్నా. నవ్వలేదు.

శాతాలు ఎక్కుతా ఉంటే
ఇద్దరం టీ తాగినాం.
నలభై రెండు దగ్గర చాలాసేపు నిలబడింది.
పోయేటప్పుడు ఆరునూర్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చినాడు,
కంప్యూటరు ఎత్తి, చేతుల్లో ఒకసారి ఊపి చూసి,
"తేలికైనట్టుందే," అన్నాడు.
పత్తి తీసినా కదా, అన్నా.

సైకిలు ఎమ్మిగనూరు రోడ్డు మలుపు తిరిగింది.
కరెంటొచ్చింది, పైఫ్యాను కదిలింది,
చెత్తబుట్టలోంచి దూదిపింజ ఒకటి లేచి
ఎక్కడ వాలాలో తెలీక
బల్ల చుట్టూ తిరుగుతా ఉంది.
ఒకటో నంబరు డిస్కు
ఇంకా వెచ్చగానే ఉంది.