ఒత్తులకు చోటు

ముందు బుడగ గియ్యకు, ఢిల్లీశ్వరీ.
ముందు మాట రాసుకో.
మన అక్షరం ఒక్క వరసలో కుదురుగా కూర్చోదు,
పైన గుడి ఎక్కుతుంది, కింద ఒత్తు వేలాడుతుంది.
"ఓరి రాక్షసా" అని అరిపించావనుకో,
ఆ షవత్తు కాలు బుడగ అంచుని తన్నకూడదు.

ఇది నాకు చెప్పినవాడు తవిటయ్య మేస్త్రి.
ఎరువుల కొట్టు బోర్డు రాస్తూ, నిచ్చెన మీంచి,
నోట్లో బీడీ తియ్యకుండా:
"కింద సోటు ఒగ్గీరా గుంటడా.
పైన అందంగా రాసీసి కింద ఇరుక్కుపోతే ఏటి లాబం?"
నాకప్పుడు పదిహేడు.
అక్షరాల గురించే అనుకున్నాను.

ఏడు రోడ్ల కూడలి వెనక, సైకిల్ షాపు మీద గది.
పేజీకి ఆరు గడులు, నెలకి పదహారు పేజీలు,
డబ్బు అచ్చయ్యాకే.
ఇరవయ్యో తారీకు రాత్రి
రెండు అట్టల మధ్య కథని కట్టేసి
ఆఖరి బస్సులో ఆమదాలవలస.
రైలు ఆగేది రెండు నిముషాలు.
మెయిలు పెట్టె కిటికీలోంచి గుమాస్తా చెయ్యి చాపేవాడు.
ఆయన ముఖం ఎప్పుడూ చూళ్లేదు.
ఆ చెయ్యి మాత్రం చాలాసార్లు గీశాను:
మంత్రికి, మాంత్రికుడికి,
ఓసారి నూతిలోంచి పిల్లని పైకి లాగిన ముసలమ్మకి.

ఖడ్గకేతుడి గుర్రం స్టేషన్ దగ్గరి జట్కా గుర్రమే.
గంతలు తీసి, డొక్కలు నింపి, రెక్కలు పెట్టాను.
అప్పన్నకి చూపిస్తే చాలాసేపు చూసి
"దీనికింత దాణా ఎవులెట్టినారు బాబూ?" అన్నాడు.

ఇరవై రెండేళ్లూ ఖడ్గకేతుడికి పంతొమ్మిదే.
నాకు పెళ్లయింది, చత్వారం వచ్చింది,
బొటనవేలి మొదట్లో ఒక నొప్పి వచ్చి కాపురం పెట్టింది.
డాక్టరు ఏం పని చేస్తారన్నాడు.
యుద్ధాలు, అన్నాను.

పత్రిక మూతపడ్డ సంగతి ఎవరూ రాయలేదు.
మనియార్డరు రాకపోతే తెలిసింది.
ఆఖరి సంచిక ఆఖరి గడిలో
వాడు కొండ అంచు పట్టుకుని వేలాడుతున్నాడు,
పక్కన నా రాతలోనే: ఇంకా ఉంది.

ఆ తర్వాత పదకొండేళ్లు
డిగ్రీ పిల్లల జువాలజీ రికార్డులు.
కప్ప జీర్ణకోశం, బొద్దింక నోటి భాగాలు.
జూట్ మిల్లు గోడ మీద "యంత్రంలో చెయ్యి పెట్టరాదు".
తెగిన వేలు మరీ బాగా కుదిరిందని
మేనేజరు సున్నం కొట్టించాడు.
శుభలేఖల మీద వినాయకుళ్లు, లెక్కలేదు.
ఇన్నేళ్లు ఎలా నిలబడ్డారని అడిగావు కదా,
నిలబడలేదమ్మా, కూర్చున్నాను.
పొద్దున్న ఆరింటికి, కప్పయినా సరే.
కప్ప పేగులు గీశాకే నాకు
కొండచిలువ ఒంపు సరిగ్గా తెలిసింది.

తిత్లీ రాత్రి రేకులు లేచిపోయి
అచ్చయి తిరిగొచ్చిన పేజీలన్నీ తడిశాయి.
నల్ల సిరా కదల్లేదు. రంగులు ఒకదాంట్లోకొకటి వెళ్లిపోయాయి.
మా పారమ్మ బట్టల తీగ మీద, క్లిప్పులు చాలక
చీపురుపుల్లలు గుచ్చి ఆరేసింది.
వీధి పిల్లలు వరస తప్పి చదువుకున్నారు,
చచ్చినవాడు మూడు పేజీల అవతల అన్నం తింటున్నాడు.
తీగ చివర ఒక గుంట చేతులు వెనక్కి కట్టుకుని:
"దీని తరవాత ఏటయ్యింది తాతా? పడిపోనాడా?"
నీకు గుర్తుండదు.
కరెంటు లేని పన్నెండు రోజులూ
నాకు అదే ప్రశ్న.

ఇప్పుడు హైదరాబాదు కంపెనీవాళ్లు
నెలకి ఇరవై పేజీలు అడిగారంటున్నావు.
పద్నాలుగు ఒప్పుకో.
ఎందుకని అడిగితే మా మేస్త్రిని చెప్పు,
వాళ్లకి అర్థం కాకపోయినా పరవాలేదు.
కాగితం మీద సంతకం పెట్టే ముందు
బొమ్మలు ఎవరివో రాసిన వాక్యం రెండుసార్లు చదువు.
నేను ఒక్కసారీ చదవలేదు.

ఇదిగో, నిన్న రాత్రి ముగించాను.
కొండ పైనుంచి ఒక చెయ్యి దిగింది.
ముఖం గియ్యలేదు, ఎప్పుడూ చూస్తే కదా.
బుడగ నీకే వదిలాను, కాస్త పెద్దదిగానే.
ఫొటో తర్వాత తీద్దువు గాని,
సిరా ఇంకా తడిగా ఉంది.