ఎనిమిదో పేజీ

క్లాక్స్‌విక్ రేవులో, చేపల సహకార సంఘం మేడ మీద
ఏడు కుర్చీలు, ఒక కాఫీ కూజా.
మేనేజరు లెక్కలు గడగడా చదివేశాడు.
ఆరు తలలు ఊగాయి, నాదీ కలిపి,
కట్టేసిన పడవల్లా.

సున్నివా ఒక్కతే కళ్లద్దాలు తుడుచుకుంది.
"ఎనిమిదో పేజీ. మంచుగడ్డల ఖర్చు
చలికాలంలో రెట్టింపెందుకైంది?"

మంచు అమ్మేది త్రోందుర్ బావమరిది.
ఎవరూ పొమ్మనలేదు.
త్రోందుర్ తనే లేచి కోటు తీసుకున్నాడు:
"మీరు తేల్చండి, నేను కిందుంటా."

చుక్కాని మేనేజరుదే, మేం ముట్టుకోం.
కానీ అడుగుచెక్కకి చెమ్మ తగిలాక
అడక్కపోవడం మర్యాద కాదు.

ఆ రాత్రి మినిట్స్‌లో రాసుకున్నాను:
ఒక ప్రశ్న. ఒక ఖాళీ కుర్చీ.

కింద వానలో త్రోందుర్
ఎవరి వలదో చిక్కు తీస్తున్నాడు.