ఆదివారం గీత

బల్లార్షా పేపరు మిల్లు చిత్తుకాగితం మీద
ఆదివారం గీస్తున్నాను.

ఐదున్నరకు గడ్డిబీడు, మోకాలెత్తు.
మంచుకు ప్యాంటు తడుస్తుంది, తడవనీ.
టేకు నీడ అందేసరికి తొమ్మిది.
మూడు సీసాల నీళ్ళు, జొన్నరొట్టె, చింతతొక్కు.
రాజేశం తన మోకాలికి ఇది చాలంటాడు,
లచ్చుబాయి ఇంకో మైలు కలపమంటుంది.

చిత్తడి ఎంత లోతో ఎవరికీ తెలీదు.
పెన్సిలు అక్కడ కాసేపు ఆగింది.

చివరికి ఇరై ఒడ్డు, గీతల బండ.
కొండంత మంచుగడ్డ
ఒకప్పుడు ఒరుసుకుంటూ పోయిన జాడట.
మే నెలలో నలభై ఏడు కాసే ఊళ్ళో
ఈ మాట ఎవరితో అనగలం?
"ఎన్నేళ్ళు పట్టిందో పాపం," అన్నాడు రాజేశం.
"దానికేం, బస్సు పట్టుకోవాలా!" అంది లచ్చుబాయి.

తిరుగు బస్సు నాలుగున్నరకు.
దాని కింద
కాగితం చిరిగేలా గీత కొట్టాను.