ఏడో పెట్టె

పోతుటీగ అనుకున్నాను ముందు.
కుట్టడం చేతకాదు, తేనె తేవడం చేతకాదు,
చలిగాలి మొదలవగానే ఆడవాళ్ళంతా కలిసి
రెక్క పట్టుకుని బయటికి ఈడ్చేసే
సోమరిపోతుల్లో ఒకటని.

చూపుడువేలి మీద పెట్టుకుంటే
బరువు తేడాగా ఉంది.
ఆరు కాళ్ళుండాలి, నాలుగే ఉన్నాయి.
కడుపు నొక్కితే ఏమీ కారలేదు,
చిన్న చప్పుడు మాత్రం, గోరు విరిగినట్టు.

నా పేరు ఝుఝునా.
ఆపిల్ తోట చివర పదకొండు పెట్టెలు నావి.
పన్నెండోది ముళ్ళకంచెకి అవతల ఉండిపోయింది,
ఒక రాత్రి సైనికులొచ్చి
నిద్రపోతున్న ఊరిని రొట్టెలా కోసినప్పుడు.
పెట్టెతో పాటు బావి పోయింది. ప్లమ్ చెట్టు పోయింది.
చెట్టు కింద, అప్పటికి నాలుగేళ్ళుగా పడుకుని ఉన్న
నా అవ్తాండిల్.

ఈగలకి కంచె అంటే లెక్కలేదు.
పొద్దున్నే వెళ్ళి అటు పూలు నాకి
సాయంత్రానికి ఇటు తేనె పెడతాయి.
నా సీసాల్లో సగం పరాయి దేశం.
ఏ అధికారీ ఇంకా రుచి చూసి కనిపెట్టలేదు.

నువ్వూ అలాగే వచ్చావు కదూ.
ఎవరు పంపారో అడగను.
అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ కూడా
నామీద అనుమానమే.
కానీ పోయి పోయి ఏడో పెట్టెలో దూరావు చూడు,
అక్కడ దెబ్బతిన్నావు.
ఆ పెట్టెది అచ్చం మా అత్తగారి బుద్ధి,
ఒంటికి వాసన లేనివాణ్ణి గడప తొక్కనివ్వదు.

కుట్టి చూసుంటాయి. కొండీ దిగదు.
మోసి పారేద్దామంటే బరువు.
అప్పుడిక, పెట్టెలో ఎలుక చస్తే చేసే పనే చేశాయి:
పోప్లార్ మొగ్గల బంక తెచ్చి
ఒళ్ళంతా మెత్తాయి, సందు లేకుండా.
కంటికి కాస్త ఎక్కువే పూశాయి.
ఎక్కడో చీకటి గదిలో
నీ చూపుతో చూస్తున్న కుర్రాడికి
ఆఖరున కనబడింది తేనెరంగు.
తర్వాత ఏమీ లేదు.

మధ్యాహ్నం ఠాణా నుంచి లాషా వచ్చాడు.
"వింత పురుగేదైనా దొరికితే ముట్టుకోకు పెద్దమ్మా."
"ఇక్కడన్నీ ఎరిగిన పురుగులే నాయనా."
అరకిలో తేనె చేతిలో పెట్టి పంపాను.
నువ్వప్పుడు ఉప్పు డబ్బాలో ఉన్నావు.

ఇప్పుడెవరూ లేరు.
దీపం దగ్గరికి జరుపుకుని
ద్రాక్షసారాలో గుడ్డ ముంచి
నీ ఎడమ కన్ను తుడుస్తున్నాను,
పసిపిల్లకి పుసి తీసినట్టు.

నా వంటిల్లు చూశావు. చిల్లుపడ్డ బకెట్ చూశావు.
స్నానానికి నీళ్ళు మోసుకోవడమూ చూసే ఉంటావు.
పోనీలే.

అటునుంచే కదా ఎగిరొచ్చావు,
ఒక్కటి చెప్పు:
ఆ ప్లమ్ చెట్టు ఈ ఏడు కాసిందా?
కింద గడ్డి
ఎవరైనా కోస్తున్నారా?