నీలం తోవ

అబెయొకుటలో నలభై ఏళ్లు
నీలికాగుల్లో చేతులు ముంచాను,
గోళ్ల అంచుల్ని ఆ రంగు ఇంకా వదల్లేదు.

ఇబాదాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఎజీగ్బో
నా రొమ్ములోకి నీలం ఎక్కించింది.
ఐదు నిమిషాలు నిమరమంది నర్సుని.
నవ్వొచ్చింది. గుడ్డనైతే నేనింకా గట్టిగా పిసుకుతాను.

నెత్తురు కాదట,
నెత్తురు పక్కనే ఇంకో నీరుందట.
రంగు లేదు, తోసే గుండె లేదు,
చెయ్యి ఆడితే, ఊపిరి ఆడితే కదులుతుంది.
గడ్డ విడిచిన కణం ఆ నీటి వెంటే చంక చేరుతుంది.
నీలం ముందు ఆగిన చోటే
అదీ ముందు ఆగి ఉండాలి.

మూడు తీశారు, చిక్కుడు గింజలంత.
రెండింట్లో ఉంది.

మర్నాడు ఒంటేలు పచ్చనీలం.
పక్కమంచం ఫొలుకే హడలిపోయింది.
"నా రంగేలే" అన్నాను.

కీమో అయింది, కిరణాలయ్యాయి.
ఇప్పుడు రోజుకో మాత్ర, ఐదేళ్లు:
హార్మోను కూర్చునే పీట మీద
ముందే వెళ్లి కూర్చుంటుందట.
ఇది నాకు చెప్పాలా?
కర్రపెండలం గంజి పూసిన చోట నీలం దిగదు.
గంజి పగిలితే?
పగలొచ్చు.

సాయంత్రానికి ఎడమ చెయ్యి ఉబ్బుతుంది.
తడిగుడ్డలు పిండడం మనవరాలి పని.
బిగుతు తొడుగు వేసుకుని కాగు పక్కన కూర్చుని
"ఇంకొక్క మునక" అంటుంటాను.